సరిగంగ స్నానం

కార్తీక పౌర్ణమినాడు మంగినపూడి బీచిలో మొగుడూ పెళ్ళాం కొంగులు ముడేసుకుని సరిగంగ స్నానం చేస్తే, పోయిన బిడ్డ మళ్ళీ అదే కడుపున పడుతుందని వాసవాంబకు ఎవరు చెప్పారో తెలియదు. చెప్పినవాళ్ళు గట్టిగానే చెప్పి ఉండాలి. మోకాళ్ళ నొప్పులతో మేడ మెట్లెక్కడమే మానేసిన మనిషి, జగ్గయ్యపేట నుంచి బందరు దాకా కార్లో కూర్చుని వస్తానంది. ఇంకా చీకటి ఉండగానే లేచి, తడిబియ్యప్పిండిలో బెల్లం కలిపి, కొబ్బరి ముక్కలు వేసి, పచ్చిచలిమిడి చేసి స్టీలు డబ్బాలో సర్ది మూత బిగించింది. స్నానం అయిన వెంటనే ఆ ఒడ్డునే కోడలికి ఒడి నింపాలని ఆవిడ పట్టుదల. చలిమిడి ఒళ్ళో పడితే ఆడదాని కడుపు చల్లబడుతుందట.

ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కోడలు కృష్ణప్రియ వెనక సీట్లో అత్తగారి పక్కన కూర్చుంది. ముందు సీట్లో మామగారు రామకోటేశ్వరరావు. పేటలో వంటనూనెల హోల్‌సేలు వ్యాపారం ఆయనది. బండి నడిపేది ఆమె భర్త నాగసాయి. నందిగామలో వాళ్ళకే ఎరువులు, పురుగుమందుల కొట్టు ఒకటుంటే అది అతను చూసుకుంటాడు. ఈ మధ్య ఆ కొట్టులో పని మరీ ఎక్కువైందని రాత్రిళ్ళు అక్కడే ఉండిపోతున్నాడు. కృష్ణప్రియ నమ్మింది. నమ్మకపోవడానికి అప్పటికి ఏ కారణమూ లేదు.

అసలు ఈ ప్రయాణం ఎనిమిదేళ్ళ కిందటే బాకీ పడింది. అప్పుడు కృష్ణప్రియకు నాలుగో నెల. నాగసాయి పేటలోని స్నేహితులతో కలిసి ఇదే మంగినపూడికి సరదాగా వెళ్ళి, పొద్దంతా సముద్రంలో మునిగి తేలి, చెవుల్లో ఇసుకతో ఇంటికొచ్చాడు. వాసవాంబ గుండె బాదుకుంది. పెళ్ళాం కడుపుతో ఉండగా మొగుడు సముద్రంలో దిగకూడదు. జుట్టు కత్తిరించుకోకూడదు. పాడె మొయ్యకూడదు. ఈ మూడూ వాళ్ళిళ్ళల్లో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. నాగసాయి మాత్రం నవ్వి, నా పెళ్ళాం సంగతి సముద్రానికి ఎవరు చెబుతారమ్మా అన్నాడు. ఆ మరుసటి నెలలోనే బిడ్డ పోయింది. ఆడపిల్ల.

గర్భాశయం మూతి బలహీనంగా ఉందనీ, ఈసారి ముందే కుట్టు వేసి కాపాడతాననీ బెజవాడ డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆవిడ చెప్పిన ముక్క ఆ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. నాగసాయి ఆస్పత్రి గోడకు తల ఆనించి, నేనే చంపుకున్నానని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంతకు ముందు దేన్నీ లెక్కచేయని మనిషి, ఆ రోజు నుంచి పిల్లి ఎదురొచ్చినా బండి ఆపేవాడు. డాక్టరమ్మ చెప్పిన ఆ ‘ఈసారి’ మాత్రం మళ్ళీ రాలేదు. వేదాద్రి నరసింహస్వామికి ప్రదక్షిణలయ్యాయి, ఆస్పత్రుల్లో సూదులయ్యాయి. కృష్ణప్రియ ఒళ్ళు రెండింటికీ అలవాటు పడిపోయింది.

ఇన్నేళ్ళలో ఆమెను ఒక్క మాట అననిది అత్తగారే. కృష్ణప్రియది మైలవరం. కన్నతల్లి చిన్నప్పుడే పోయింది. అన్నావదినలకు ఆమె పండక్కొచ్చే చుట్టం. చుట్టాల్లో ఒక పెద్దావిడ ఓసారి, కుర్రాడికి ఇంకో సంబంధం చూడకూడదా అని నోరు జారితే, వాసవాంబ ఆవిడ చేతిలోని కాఫీ గ్లాసు తీసుకుని పక్కన పెట్టి, ఇక దయచెయ్యండి అంది. ఆ సంగతి తలుచుకుంటే కృష్ణప్రియకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. ఆ ఇంట్లో తన చోటు అత్తగారి మాట మీద నిలబడి ఉందని ఆమెకు తెలుసు. ఆ మాట ఉన్నంతకాలం ఎవరేమనుకున్నా ఫరవాలేదు.

నందిగామ దగ్గరకొచ్చేసరికి తూరుపు తెల్లబడుతోంది. నాగసాయి హైవే దిగి బండి ఊళ్ళోకి తిప్పాడు. కొట్టు తాళం సరిగ్గా పడిందో లేదో చూసొస్తానని దిగి, కొట్టు పక్క సందులోకి వెళ్ళాడు. తాళం చూడ్డానికి పట్టాల్సిన దానికన్నా ఎక్కువసేపే పట్టింది. వచ్చి కూర్చుని బండి తీశాడు. వెనక నుంచి కృష్ణప్రియకు అతని జుట్టు కనిపిస్తోంది. రెండు నెలలుగా కత్తెర పడలేదేమో, చొక్కా కాలరు మీదికి దిగింది. తిరుపతి మొక్కు అన్నాడు. దేనికని అడిగితే నీకు తెలీదా అన్నాడు. ఆ రోజు ఆమె వంటింట్లోకి పోయి ఆనందంతో ఏడ్చింది.

బందరు చేరాక ముందు సముద్రానికి పోనివ్వలేదు మామగారు. పాత రేవు చూడాల్సిందే అన్నాడు. వాళ్ళ తాతలనాడు బళ్ళ మీద నూలు బట్టలు, నీలిమందు వేసుకుని పేట నుంచి బందరు రేవుకి వచ్చేవాళ్ళని ఆయన చెప్పని పెళ్ళి లేదు, పేరంటం లేదు. పరిటాల వజ్రాలు కూడా మా మూటల్లోనే వచ్చాయంటాడు, అడ్డుకునేవాళ్ళు లేకపోతే. తీరా చూస్తే ఏముంది, రేవున్న చోట బురద, మడ చెట్లు, కూలిన గోడలు, ఒడ్డున బోర్లించిన పడవలు. దూరంగా కొత్త రేవు పనుల క్రేన్లు. మామగారు చేతులు నడుం మీద పెట్టుకుని, తన సొంత గోడౌను తగలబడినంత దిగులుగా చూశాడు.

“ఏట్లోంచి మట్టి కొట్టుకొచ్చి రేవు పూడిపోయిందమ్మా. ఓడలు లోపలికి రాలేకపోయినయ్యి. రేవు పూడిపోతే వ్యాపారస్తుడు ఏం చేస్తాడు, ఇంకో రేవు చూసుకుంటాడు” అన్నాడు కోడలితో. ఆయన మనసులో వేరే ఏమీ లేదు. ఆయనకి ఏ సంగతీ తెలియదు, ఇప్పటికీ సగమే తెలుసు.

ఆ తర్వాత డచ్చివాళ్ళ సమాధులు చూపించాడు. నల్లరాతి పలకల మీద పువ్వులు, కిరీటాలు, చదవలేని రాతలు. వాటి మధ్య మూరెడు పొడుగున్న చిన్న పలక ఒకటి. పసిపిల్లదై ఉంటుందిలే అని మామగారు ముందుకు నడిచాడు. కృష్ణప్రియ నడవలేకపోయింది. తన పిల్లను ఆయా గుడ్డలో చుట్టి పట్టుకుపోయింది. మొహం కూడా చూపించలేదు. ఎక్కడ పెట్టారని అడిగే ఓపిక ఆ రోజు లేదు, తర్వాత అడిగే ధైర్యం లేదు. సముద్రాలు దాటొచ్చిన వాళ్ళ బిడ్డకు ఇక్కడ ఒక రాయన్నా ఉంది. అత్తగారు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, పొద్దెక్కుతోంది, పద తల్లీ అంది.

మంగినపూడి జనంతో కిటకిటలాడుతోంది. సరుగుడు తోటల దాకా బళ్ళు ఆపేశారు. మైకులో పోలీసులు పిల్లల్ని జాగ్రత్తగా పట్టుకోమని అరుస్తున్నారు. అరటి దొప్పల్లో దీపాలు అలల మీద ఊగి ఆరిపోతున్నాయి. అక్కడి ఇసుక నల్లటి బంకమట్టిలా కాళ్ళకు అంటుకుంటుంది. ఎంత లోపలికి నడిచినా నీళ్ళు నడుం దాటవు. వాసవాంబ ఒక పురోహితుణ్ణి మాట్లాడింది. తనే స్వయంగా కొడుకు ఉత్తరీయానికీ కోడలి చీర చెంగుకూ ముడి వేసి, లాగి చూసుకుంది.

సంకల్పం అయిపోయింది. దిగండి నాయనా అన్నాడు పురోహితుడు. కృష్ణప్రియ రెండడుగులు వేసేసరికి చెంగు వెనక్కి లాగింది. నాగసాయి కదల్లేదు.

జలుబుగా ఉందన్నాడు. వాసవాంబ నవ్వి, మూడు మునకలకే చచ్చిపోవులే అంది. కాలికి దెబ్బ తగిలిందన్నాడు. ఏదీ చూపించమంది. చూపించలేదు. నెత్తిన నీళ్ళు చల్లుకుంటే సరిపోదా అంటూనే, ఆ మాట కూడా సగంలో మింగేశాడు. పురోహితుడు అవతల వేరే జంట ఎదురుచూస్తోందని గొణిగాడు. అల ఒకటి పాక్కుంటూ వచ్చి పాదాల ముందు ఆగితే నాగసాయి వెనక్కి జరిగాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

వాసవాంబ కొడుకుని కసురుకోబోయి ఆగింది. అతని మొహం వంక చూసింది. కాలరు మీద పడ్డ జుట్టు వంక చూసింది. ఆ తర్వాత వంగి, తను వేసిన ముడి తనే విప్పింది. గట్టిగా బిగించిన ముడి కావడాన పంటితో లాగాల్సి వచ్చింది.

“నువ్వు దిగొద్దులే నాయనా. ఒడ్డునే ఉండు” అంది. ఎనిమిదేళ్ళలో అంత మెత్తగా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. పురోహితుడి వైపు తిరిగి, అమ్మాయి ఒక్కతే చేస్తుందండీ అని చెప్పింది. సరిగంగ స్నానం ఒక్కరు చేసేది కాదమ్మా అని ఆయన అంటున్నా వినిపించుకోలేదు.

కృష్ణప్రియకు వెంటనే అర్థం కాలేదు. విప్పిన చెంగు చేత్తో పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. మోకాలి లోతున ఉండగా జుట్టు గుర్తొచ్చింది. తొడల లోతున ఉండగా మొన్న ఆశ్వయుజంలో పోయిన బాబయ్యగారు గుర్తొచ్చాడు. ఎత్తుకుని పెంచిన బాబాయి పాడెకు నాగసాయి భుజం పట్టలేదు. నడుం పట్టేసిందన్నాడు. ఆ రాత్రి ఆమె అతని నడుముకు ఆయింట్‌మెంటు రాసింది. రాస్తుంటే ఎక్కడ నొప్పో సరిగ్గా చెప్పలేకపోయాడు. ఇప్పుడు సముద్రం. జుట్టు, పాడె, సముద్రం. మూడూ కలిశాక ఇక ఆలోచించాల్సిందేమీ లేకపోయింది. ఆమె కడుపుతో లేదు. మరి ఎవరి కోసం?

పెళ్ళాన్ని ఇన్నాళ్ళూ ఏమార్చిన మనిషి, మూడు మునకలు మునిగి లేస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అబద్ధానికి సరిపోయిన ధైర్యం అలకు సరిపోలేదు. అంత భయం తెచ్చుకున్నది ఆమె బిడ్డ పోవడం వల్లే. ఆ భయం ఇప్పుడు ఇంకొకరి బిడ్డకు కాపలా కాస్తోంది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఒడ్డున తల్లీకొడుకులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. కొడుకు తల వంచుకుని ఏదో చెబుతున్నాడు. వాసవాంబ రెండు చేతులూ అతని బుగ్గల మీద పెట్టింది. తర్వాత చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. దుఃఖం కాదది. అత్తగారి మొహంలో ఆ వెలుగు కృష్ణప్రియ ఒక్కసారే చూసింది, తనకు నెల తప్పిందని చెప్పిన రోజున. మొగుడి సంగతి తెలిసినప్పుడు ఆమెకు ఒళ్ళు మండింది. ఈ వెలుగు చూశాక ఆ మంట కూడా ఆరిపోయింది.

అట్లాగే లోపలికి నడిచిపోదామని ఒక్క క్షణం అనిపించింది. నడిచింది కూడా. ఎంత నడిచినా నీళ్ళు నడుం దగ్గరే ఉన్నాయి. పక్కన పిల్లలు ఒకరి మీద ఒకరు నీళ్ళు చిమ్ముకుంటున్నారు. చావడానికి కూడా వీలుగా లేని సముద్రం. ఆమె ముక్కు మూసుకుని మూడుసార్లు మునిగింది. ఏమీ కోరుకోలేదు. ఇంట్లో నాలుగు మూలలా చల్లడానికి సముద్రపు నీళ్ళు తెమ్మని అత్తగారు పొద్దున పురమాయించిన ప్లాస్టిక్ సీసా చేతిలో ఉంటే, చెప్పిన పని కాబట్టి నింపుకుని బయటికొచ్చింది.

నాగసాయి ముందు ఆగి చెంగు పిండుకుంది. నాలుగు చుక్కలు అతని పాదాల మీద పడ్డాయి. కాగిన నూనె పడ్డట్టు గెంతి, జేబురుమాలు తీసి గబగబా తుడుచుకున్నాడు.

“ఎన్నో నెలండీ?” అని అడిగింది.

అతను తల్లి వంక చూశాడు. తల్లి సముద్రం వంక చూసింది.

“ఐదు” అన్నాడు.

“నందిగామలోనా?”

తలూపాడు. పేరు అడగక్కర్లేకపోయింది. కొట్టు కౌంటరులో కూర్చునే అక్షయ. కొట్టు పక్క సందులోనే అద్దె గది. ఎవరూ లేని పిల్ల అని మొన్న దసరాకు కృష్ణప్రియే తన చీరల్లో ఒకటి తీసి ఇచ్చింది. అక్షయ వంగి కాళ్ళకు దణ్ణం పెడితే, త్వరగా పెళ్ళి కావాలని దీవించింది కూడా.

“ఇక్కడొద్దమ్మా, పదిమందిలో. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం” అంది వాసవాంబ. కోడలి తడి జుట్టు తుడవడానికి తువ్వాలు అందించింది. చలిమిడి డబ్బా ఇసుక మీద సంచిలోనే ఉంది. ఒడి నింపే సంగతి ఆవిడ ఎత్తలేదు. మామగారు క్రేన్లు చూసొచ్చి, బందరు లడ్డూలు కొనాలా వద్దా అని అడిగాడు. కొనమంది వాసవాంబ. రెండు పొట్లాలు కొనమంది.

తిరుగు ప్రయాణం మొదలైంది. బెజవాడ దాటేసరికి మామగారు ముందు సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. డబ్బా మళ్ళీ కృష్ణప్రియ ఒళ్ళోకే వచ్చింది, పెట్టడానికి ఇంకో చోటు లేక. అత్తగారు కిటికీలోంచి చూస్తూ మధ్యమధ్య తనలో తను పెదవులు కదుపుతోంది. నెలలు లెక్కపెట్టుకుంటోందని కృష్ణప్రియకు తెలిసింది. ఒకప్పుడు తన నెలలు కూడా ఆవిడ అట్లాగే లెక్కపెట్టేది. ఈమె నన్ను వెళ్ళగొట్టదు, అనుకుంది. అన్నం పెడుతుంది, జ్వరమొస్తే మందు వేస్తుంది, చుట్టాల ముందు నా కోడలు బంగారమంటుంది. ఎవరో పెద్దావిడ కాఫీ తాగుతూ ఏమన్నా అంటే మాత్రం, ఈసారి గ్లాసు తీసుకుని పక్కన పెట్టదు. పూడిపోయిన రేవుని ఎవరూ తిట్టరు, వదిలేస్తారంతే.

సాయంత్రానికి నందిగామ వచ్చింది. నాగసాయి ఊళ్ళోకి తిప్పకుండా హైవే మీదే పోనిస్తున్నాడు.

“బండి ఊళ్ళోకి పోనీ నాయనా” అంది వాసవాంబ.

కొట్టు ముందు ఆపాడు. వాసవాంబ లడ్డూ పొట్లం ఒకటి తీసుకుంది. తలుపు తీయబోతూ ఆగి, కోడలి ఒళ్ళోకి చెయ్యి చాపింది.

“ఆ డబ్బా ఇట్లా ఇవ్వు తల్లీ. రేపటికి గట్టిపడిపోతుంది, తినడానికి పనికిరాదు. నీకు మళ్ళీ చేసి పెడతాలే.”

ఆవిడ గొంతులో మోసం లేదు, వెటకారం లేదు. నిజంగానే మళ్ళీ చేసి పెడుతుంది. అదే భరించలేకపోయింది కృష్ణప్రియ. డబ్బా ఎత్తి ఇచ్చింది. మేడ మెట్లెక్కలేని మనిషి డబ్బా పొట్టకు ఆనించుకుని, చీకటి పడుతున్న సందులోకి చకచకా నడిచిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కార్లో మామగారి గురక ఒక్కటే. కృష్ణప్రియ ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో నాగసాయి తల. ఎవరి కోసమో పెంచుతున్న జుట్టు. కాళ్ళ దగ్గర సముద్రపు నీళ్ళ సీసా. ఆమె దాన్ని పైకి తీసి మూత తిప్పింది. ఆ చప్పుడుకి అతని మెడ బిగుసుకుంది. ఎదురు అద్దంలో ఇద్దరి కళ్ళూ కలిశాయి.

“ప్రియా, వద్దు” అన్నాడు. “నీకు దణ్ణం పెడతా.”

మునగనక్కర్లేదు. ఒక్క సీసా నెత్తిన ఒంపితే చాలు, ఇక పుట్టేదాకా ఆ ఇంట్లో తల్లీకొడుకులకు కంటిమీద కునుకుండదు. డాక్టరమ్మ గీసిన బొమ్మ చూసిన మనిషే కృష్ణప్రియ. నీళ్ళు ఎవరినీ చంపవని బుర్రకు తెలుసు. చేతికి తెలియదు. చెయ్యి కూడా అట్లాంటి ఇళ్ళల్లోనే పెరిగింది కదా. ఒకవేళ నిజమైతే, అనుకుంది. గుడ్డలో చుట్టిన మూట గుర్తొచ్చింది. ఆయా దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిన తీరు గుర్తొచ్చింది. సందు చివర గదిలో ఉన్నదానికి ఆ పగ తగలదు, దాని కడుపులో ఉన్నదానికి తగులుతుంది.

ఆమె కిటికీ అద్దం దించి సీసా బయటికి వంచింది. నీళ్ళు గుడగుడమంటూ నందిగామ రోడ్డు మీద దుమ్ములో పడి ఇంకిపోయాయి. చివరి చుక్క దాకా ఒంపి, సీసా మూత పెట్టి, సీటు మీద పక్కన పెట్టింది. అత్తగారు లేచి వెళ్ళిన చోట.

“పారబోశా. భయపడకండి” అంది.

అతను స్టీరింగు మీద తల వాల్చి, ఊపిరి పీల్చుకున్నాడు.

“నా పిల్లప్పుడు ఒక్కరోజు ఇట్లా భయపడి ఉంటే సరిపోయేది గదండీ” అంది.

ఆ మాటకో, కిటికీలోంచి వచ్చిన చలిగాలికో మామగారికి మెలకువ వచ్చింది. కళ్ళు నులుముకుని చుట్టూ చూసి, ఇంటికొచ్చేశామా అమ్మా అని అడిగాడు.

“మీ ఇల్లు ఇంకా రాలేదు మావయ్యగారూ” అంది కృష్ణప్రియ.